నల్లపిల్లాడి బడిలో నల్లపేటకి వాటా ఎంత?

1940 ప్రాంతం. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, మేసన్ అని ఓ చిన్న ఊరు. బడి నిండా తెల్లపిల్లలే. వాళ్ళ మధ్య ఓ నల్లపిల్లాడు. తండ్రి చచ్చిపోయాడు, తల్లిని పిచ్చాసుపత్రిలో పెట్టారు. అయినా మార్కుల్లో ముందు వరస వాడిదే. ఏడో తరగతిలో తోటి పిల్లలు వాణ్ణే క్లాసు లీడరుగా ఎన్నుకున్నారు. ఎనిమిదిలో ఉండగా ఇంగ్లీషు మాస్టారు అడిగాడు, పెద్దయ్యాక ఏం చేద్దామనుకుంటున్నావురా అని. లాయరునవుతానన్నాడు పిల్లాడు. నీ రంగువాడికి అది కుదిరే పని కాదు, చేతిపని బాగా చేస్తావు గదా, వడ్రంగం నేర్చుకో అన్నాడు మాస్టారు. అదే మాస్టారు ఆ పిల్లాడికంటే తక్కువ మార్కులొచ్చిన తెల్లపిల్లలకి మాత్రం ఏది కోరుకుంటే అది అవండని వెన్ను తట్టాడు.

ఆ పిల్లాడే మాల్కం ఎక్స్. 1965లో అచ్చయిన ఆత్మకథలో ఈ ముచ్చట చెప్పుకున్నాడు. ఆ మాస్టారు దుర్మార్గుడని మాల్కం కూడా అనలేదు. మేలు కోరే చెప్పాడు. అన్నలారా, అక్కలారా, మనం భయపడాల్సింది ఆ మేలుకోరే సలహాకే. తిట్టినవాణ్ణి తిరిగి తిట్టొచ్చు. "నీకెందుకురా ఇంత కష్టం, ఐటీఐ చేసుకో, తొందరగా స్థిరపడతావు" అని భుజం మీద చెయ్యేసి చెప్పినవాణ్ణి ఏం చేస్తాం? నమస్కారం పెట్టి ఇంటికొస్తాం. నేనూ అట్లా నమస్కారం పెట్టి వచ్చినవాణ్ణే.

ఇప్పుడు అమెరికాలో ఆ సలహా చెప్పడానికి ప్రత్యేకంగా ఓ కుర్చీ ఉంది. స్కూల్ కౌన్సెలర్ కుర్చీ. కౌన్సెలింగ్ అంటే మన జనానికి తెలిసిన అర్థాలు రెండే. ఒకటి, ఎంసెట్ ర్యాంకు కాయితం పట్టుకుని సీటు కోసం నిలబడేది. రెండోది, పోలీసులు పేట కుర్రాళ్ళని స్టేషనుకి పిలిచి వరసగా నిలబెట్టి చేసేది. అమెరికా కౌన్సెలర్ పని కాయితం మీద చాలా పెద్దది. ఏ పిల్లాడు ఏ కోర్సులో కూర్చోవాలి, ఎవరికి కాలేజీ దారి చూపాలి, ఎవరింట్లో పొయ్యి వెలగలేదు, ఎవడు బడి మానేసేట్టున్నాడు, ఇవన్నీ కనిపెట్టుకుని ఉండాలి. కానీ తరచి చూస్తే మనకి తెలిసిన రెండర్థాలూ ఆ కుర్చీలోనే కలిసి కూర్చున్నాయి. సీట్లు తేల్చేదీ అక్కడే, దారి తప్పాడన్నవాణ్ణి పిలిపించేదీ అక్కడే.

ఈ మధ్య ఆ కౌన్సెలర్లకి ఓ కొత్త పని చెబుతున్నారు. నల్లజాతి, లాటినో, ఆదివాసీ కుర్రాళ్ళని నిలబెట్టాలంటే బడి ఒక్కటే చాలదు, చుట్టూ ఉన్న సమాజంతో భాగస్వామ్యం పెట్టుకోండి అని. చర్చి, మంగలి షాపు, పాత విద్యార్థులు, పేటలోని పెద్దమనుషులు, యువజన సంఘాలు, అందరూ కలిసి పిల్లాణ్ణి కాయాలంటున్నారు. మాట మంచిదే. నేను కాదనను. అయితే ఈ భాగస్వామ్యంలో ఎవరి భాగం ఎంత? పిల్లాడు పేటవాడు. తల్లి పేటది. పాయసం వండి తెచ్చే చెయ్యి పేటది. పిల్లాణ్ణి బడినుంచి గెంటే కాయితం మీద సంతకం ఎవరిది? ఈ ఒక్క ప్రశ్న తేలకుండా ఎన్ని సమావేశాలు పెట్టినా అవి ఫోటోలకే పనికొస్తాయి.

అసలా కుర్చీ పేదపిల్లల కోసం పుట్టింది కాదు. 1957లో రష్యా స్పుత్నిక్‌ని ఆకాశానికి పంపింది. అమెరికా దొరలకి గుండెలు జారాయి. 1958లో జాతీయ రక్షణ విద్యాచట్టం చేసి, బళ్ళలో కౌన్సెలర్లని పెట్టుకోవడానికి డబ్బులిచ్చారు. సైన్సులో, లెక్కల్లో చురుకైన పిల్లల్ని ఏరిపెట్టమన్నారు. చేట పట్టుకుని చెరగమన్నారన్నమాట. గింజ చేటలో ఉంటుంది, పొల్లు ఎగిరిపోతుంది. ఎవరిని పొల్లు కింద లెక్కేశారో మీకు నేను చెప్పాలా? 1963లోనే సికోరెల్, కిట్సూస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఓ హైస్కూలులో ఈ తంతుని దగ్గరుండి చూసి పుస్తకం రాశారు. ఎవరు కాలేజీకి, ఎవరు పనికి అన్నది మార్కులొక్కటే తేల్చడం లేదు, కౌన్సెలర్ ఆ పిల్లాణ్ణి, వాడి ఇంటిని చూసే చూపు కూడా తేలుస్తోందన్నారు.

మరి ఆ కుర్చీలన్నా సరిపడా ఉన్నాయా? ఒక కౌన్సెలర్‌కి 250 మంది పిల్లలకి మించి ఉండకూడదని వాళ్ళ సంఘమే 1965 నుంచీ చెబుతోంది. 2022-23లో దేశం మొత్తం సగటు ఒక్కరికి 385 మంది. 385 మంది పిల్లల్లో ఒక్కడి మొహం ఈ వారం వాడిపోయిందని ఏ మానవమాత్రుడు కనిపెడతాడు? పైగా పరీక్షల నిర్వహణ, టైంటేబుళ్ళు, ఫైళ్ళు అన్నీ ఆ మనిషి నెత్తినే. ఇక్కడ కౌన్సెలర్లని నేను తిట్టడం లేదు. వాళ్ళలో గుండె ఉన్నవాళ్ళు చాలామంది. గుండె ఉన్నవాడికి 385 మందిని అప్పజెప్పడమే ఈ వ్యవస్థ చేసే మోసం.

కౌన్సెలర్‌కి డబ్బు లేదన్న చోట పోలీసుకి మాత్రం ఉంది. అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ 2019లో లెక్క తీసి చెప్పింది. కోటీ నలభై లక్షల మంది పిల్లలు చదివే బళ్ళలో పోలీసు ఉన్నాడు. కౌన్సెలరో, నర్సో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో, ఈ నలుగురిలో ఒక్కరూ లేరు. పిల్లాడికి జ్వరమొస్తే చూసే దిక్కు లేదు గానీ బేడీలెయ్యడానికి మనిషున్నాడు.

బేడీలు ఎవరికి పడుతున్నాయంటారా? ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2018లో పార్లమెంటుకిచ్చిన నివేదిక ఉంది. 2013-14లో ప్రభుత్వ బళ్ళలో నల్లపిల్లలు వందకి పదిహేనున్నర మంది. సస్పెండయిన పిల్లల్లో వాళ్ళు వందకి 39 మంది. పేద బడి, ధనిక బడి అన్న తేడా లేదు, అన్నిచోట్లా ఇదే తంతు. ఇంకా కిందికి పోయి చూడండి. 2011-12లో ప్రీస్కూలు పిల్లల్లో, అంటే మన అంగన్‌వాడీ ఈడు పిల్లల్లో, నల్లవాళ్ళు నూటికి 18. ఒకసారికి మించి ఇంటికి గెంటిన పిల్లల్లో నూటికి 48. నాలుగేళ్ళ పసివాడు ఏం రౌడీయిజం చేశాడయ్యా? బలపం విరగ్గొట్టాడా?

ఇక్కడే మేధావులు గొంతు సవరించుకుంటారు. నల్లకుర్రాళ్ళకి ఇంట్లో తండ్రి లేడు, ఎదురుగా ఆదర్శం లేదు, క్రమశిక్షణ లేదు, కనక ఓ మంచి మెంటర్‌ని జత చేస్తే బాగుపడతారు అంటారు. ఈ పాట మనం పుట్టినప్పటినుంచీ వింటున్నాం. వాడలో తాగుడెక్కువ, వాళ్ళకి చదువు మీద ధ్యాస లేదు అనే పాటకి అది ఇంగ్లీషు కూర్పు. రోగం బడిలో ఉంటే మందు పిల్లాడికి పోస్తారు.

2012లో ట్రేవాన్ మార్టిన్ అనే పదిహేడేళ్ళ నల్లపిల్లాణ్ణి ఓ కాలనీ కాపలాదారు కాల్చి చంపాడు. 2013లో అతణ్ణి నిర్దోషి అన్నారు. జనం రగిలిపోయారు. 2014 ఫిబ్రవరిలో ప్రెసిడెంటు ఒబామా 'మై బ్రదర్స్ కీపర్' అని ఓ పథకం ప్రకటించాడు. రంగుజాతుల కుర్రాళ్ళని పైకి తెస్తామన్నాడు. పెద్ద పెద్ద ఫౌండేషన్లు ఐదేళ్ళలో 20 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. ఊరూరా బళ్ళు, చర్చిలు, వ్యాపారులు చేతులు కలిపారు. మంచి జరగలేదని అనను. కానీ ఆ ఏడాదే 200 మంది నల్లజాతి మగవాళ్ళు, ఆ వెంటనే వెయ్యిమందికి పైగా స్త్రీలు, ఒబామాకి బహిరంగ లేఖలు రాశారు. మా ఆడపిల్లలేం పాపం చేశారు? అదే బడి, అదే పేట, అదే పోలీసు, వాళ్ళకి మాత్రం పథకం ఎందుకు లేదు అని నిలదీశారు. దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మన ఉద్యమాల్లో కూడా 'యువత' అన్నప్పుడల్లా కళ్ళముందు మీసాలొచ్చిన కుర్రాడే మెదులుతాడు. ఆ సంగతి మనం మనకే చెప్పుకోవాలి.

భాగస్వామ్యం అన్న తియ్యటి మాట ఎట్లా పుట్టిందో కూడా చెప్పుకుందాం. అంతకు ముందు జనం అడిగింది భాగస్వామ్యం కాదు. పెత్తనం అడిగారు. 1967లో న్యూయార్క్ నగరంలో, బ్రూక్లిన్‌లోని ఓషన్ హిల్-బ్రౌన్స్‌విల్ పేటల బళ్ళని ప్రయోగంగా అక్కడి జనం ఎన్నుకున్న బోర్డుకి అప్పగించారు. బోర్డులో తల్లులున్నారు. 1968 మేలో ఆ బోర్డు 19 మంది టీచర్లనీ, అధికార్లనీ మా బళ్ళలోంచి వేరేచోటికి పొమ్మని ఉత్తరాలిచ్చింది. అంతే, నగరం భగ్గుమంది. టీచర్ల యూనియన్ సమ్మెకి దిగింది. ఆ శరదృతువులో 36 పనిదినాలు న్యూయార్క్ బళ్ళు స్తంభించాయి. యూనియన్‌కీ తన వాదన ఉంది. ఉద్యోగ భద్రత చిన్న విషయం కాదు, విచారణ లేకుండా ఎవర్నీ కదపకూడదన్నది న్యాయమే. రెండువైపులా నోళ్ళు జారాయి, యూదు టీచర్ల మీద కారుకూతలూ వచ్చాయి, వాటిని సమర్థించక్కర్లేదు. కానీ చివరికి జరిగిందేమిటి? 1969లో చట్టం తెచ్చి ఆ ప్రయోగాన్నే ఎత్తేశారు. తల్లులు సంతకం చేసే కుర్చీ దగ్గరికి రాగానే కుర్చీనే తీసేశారు. ఆ తర్వాతే, రండమ్మా భాగస్వాములుగా ఉందురుగాని, సలహాలివ్వండి, టీ తాగండి అన్నారు.

సరే, మరి దారి లేదా? ఉంది. అది తెలియాలంటే ఓక్లాండ్ పోవాలి.

కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన రేవుపట్నం ఓక్లాండ్. 1966లో బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టింది అక్కడే. 1972లో బొంబాయిలో మన కుర్రాళ్ళు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది ఆ పాంథర్లని చూసే. అంతకు వందేళ్ళ ముందు, 1873లోనే, మహాత్మా ఫూలే తన 'గులాంగిరీ'ని నల్లవాళ్ళ బానిసత్వాన్ని తొలగించిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. 1946లో బాబాసాహెబ్ డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. కాబట్టి ఓక్లాండ్ సంగతి మనకెందుకని ఎవరూ అనొద్దు. అది మన చుట్టాల ఊరు.

పాంథర్లంటే తుపాకులే గుర్తొస్తాయి జనానికి. 1969 జనవరిలో వాళ్ళు ఓక్లాండ్‌లో సెయింట్ అగస్టిన్ చర్చిలో పిల్లలకి పొద్దున్నే టిఫిను పెట్టడం మొదలెట్టారు. ఖాళీ కడుపుతో పాఠం ఎక్కదని గ్రహించినవాళ్ళు వాళ్ళు. అది ఊరూరా పాకింది. ఎఫ్‌బీఐ పెద్ద హూవర్‌కి తుపాకులకంటే ఆ టిఫిన్లే ఎక్కువ గుబులు పుట్టించాయి. 1973 నుంచి 1982 దాకా ఓక్లాండ్ కమ్యూనిటీ స్కూల్ అని సొంత బడే నడిపారు. ఎరికా హగిన్స్ అనే పాంథర్ మహిళ దానికి డైరెక్టరు. భోజనం, వైద్యం, పాఠం అన్నీ ఒకే కప్పు కింద. కౌన్సెలర్లకి ఇప్పుడు శిక్షణల్లో నూరిపోస్తున్న 'సమాజ భాగస్వామ్యం' ఏదుందో, దాన్ని యాభై ఏళ్ళకిందటే చేసి చూపించారు. అప్పుడు వాళ్ళని దేశద్రోహులన్నారు.

2010లో అదే ఓక్లాండ్ స్కూళ్ళ బోర్డు, నల్లకుర్రాళ్ళ చదువు కోసమే ఓ ప్రత్యేక కార్యాలయం తెరిచింది. దేశంలో ఏ స్కూలు బోర్డూ అంతకు ముందు అట్లాంటిది పెట్టలేదు. దానికి పెద్దగా క్రిస్టఫర్ చాట్‌మన్ వచ్చాడు. వాళ్ళు చేసిన పని చూడండి. సాయంత్రం బడి అయ్యాక ఓ గంట నీతులు చెప్పి పంపలేదు. బడి వేళల్లోనే, టైంటేబుల్లోనే, మార్కుల రికార్డుకెక్కే ఓ క్లాసు పెట్టారు. ఆ క్లాసు చెప్పేది నల్లమనిషి. ఒట్టి డిగ్రీ చూసి తేలేదు, పేట తెలిసినవాణ్ణి, పిల్లల్ని పట్టుకోగలిగినవాణ్ణి ఏరి తెచ్చారు. పాఠం ఆఫ్రికా చరిత్ర, తమ జాతి చరిత్ర, తమ మగతనాన్ని కొట్లాటతో కాకుండా వేరే దేనితో కొలుచుకోవచ్చో ఆ చర్చ. వెనకబడ్డవాళ్ళనే ఏరి ఓ గదిలో పడెయ్యలేదు. బాగా చదివేవాడు, మధ్యరకం వాడు, జారిపోతున్నవాడు, ముగ్గురూ ఒకే బల్ల మీద. ఈ ఒక్క పనిలో ఎంత బుద్ధి ఉందో హాస్టల్లో 'వీక్ సెక్షన్' బెంచీ మీద కూర్చున్నవాడికి తెలుస్తుంది.

2019లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ థామస్ డీ, ఎమిలీ పెనర్‌తో కలిసి లెక్కలు కట్టాడు. ఆ క్లాసు ఉన్న బళ్ళలో చదువు మానేసే నల్లకుర్రాళ్ళ సంఖ్య 43 శాతం తగ్గింది. నల్లఆడపిల్లల్లోనూ కొంత తగ్గింది, వాళ్ళకి ఆ క్లాసు లేకపోయినా. ఇంకో అధ్యయనం 2017లో వచ్చింది. మూడు నుంచి ఐదో తరగతి మధ్య ఒక్కరంటే ఒక్క నల్లటీచరు దొరికితే చాలు, పేద నల్లకుర్రాళ్ళు తర్వాత చదువు మానే అవకాశం 39 శాతం తగ్గుతోందట. ఒక్క మనిషి! ఆ ఒక్క మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టకుండా ఇన్నేళ్ళు ఆపిందెవరు? రిజర్వేషన్ టీచరు వస్తే ప్రమాణాలు పడిపోతాయని ఏడ్చేవాళ్ళు ఈ రెండు లెక్కల్నీ గోడకి అంటించుకోవాలి.

ఓక్లాండ్ బోర్డు ఇదంతా మంచితనం కొద్దీ చేసిందనుకోకండి. బయట ఉద్యమం ఉంది. 2011 జనవరిలో రహీం బ్రౌన్ అనే ఇరవయ్యేళ్ళ నల్లకుర్రాణ్ణి స్కూళ్ళ పోలీసులే కాల్చి చంపారు, ఓ హైస్కూలు బయట, లోపల పిల్లల డాన్సు కార్యక్రమం నడుస్తుండగా. అవును, ఆ స్కూలు బోర్డుకి సొంత పోలీసు శాఖ ఉండేది. అప్పటినుంచి బ్లాక్ ఆర్గనైజింగ్ ప్రాజెక్ట్ అనే పేట సంఘం ఒకటే పట్టు పట్టింది: బళ్ళలోంచి పోలీసుని తీసెయ్యండి. ప్రతి బోర్డు మీటింగుకి పోయారు. ఇల్లిల్లూ తిరిగారు. ఏళ్ళు గడిచాయి. 2012లో కేంద్ర విద్యాశాఖ పౌరహక్కుల విభాగం ముందు, నల్లపిల్లల సస్పెన్షన్లు తగ్గిస్తామని బోర్డు రాతపూర్వకంగా ఒప్పుకోవాల్సి వచ్చింది. సస్పెండ్ చేసే బదులు తప్పు చేసిన పిల్లాణ్ణి, దెబ్బ తగిలినవాణ్ణి, టీచర్ని, తల్లిని చుట్టూ కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి బళ్ళలోకి వచ్చింది. చివరికి జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత, 2020 జూన్‌లో, బోర్డు ఏకగ్రీవంగా తన పోలీసు శాఖని రద్దు చేసింది. దాదాపు పదేళ్ళ పోరాటం.

నేను భాగస్వామ్యం అని దీన్నంటాను. చర్చి పెద్ద వచ్చి ప్రార్థన చేసి పోవడం కాదు. పాఠం చెప్పే మనిషిని ఎంచడంలో పేటకి మాట ఉంది, గెంటే కాయితం దగ్గర తల్లికి కుర్చీ ఉంది, డబ్బు పోలీసుకా పిల్లలకా అన్నచోట జనం గొంతు నెగ్గింది.

ఇందులో కౌన్సెలర్ పనేమిటని అడుగుతారు. చాలా ఉంది. కాలిఫోర్నియాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సీటు రావాలంటే హైస్కూలులో ఫలానా పదిహేను కోర్సులు చదివి ఉండాలి. వాటిని 'ఏ టు జీ' అంటారు. ఇంగ్లీషు నాలుగేళ్ళు, లెక్కలు మూడేళ్ళు, ఇట్లా. తొమ్మిదో తరగతిలో కోర్సులు రాసేటప్పుడు ఒకటి రెండు గళ్ళు తప్పుగా నింపితే, పిల్లాడు హైస్కూలు పాసయి, సర్టిఫికెట్టు పుచ్చుకుని, గౌను వేసుకుని ఫోటో దిగి, అప్పుడు తెలుసుకుంటాడు తనకి విశ్వవిద్యాలయం తలుపు నాలుగేళ్ళకిందటే మూసుకుపోయిందని. తల్లికి ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఆ కాయితం చదవడం తల్లికి నేర్పే కౌన్సెలర్, ఆదివారం చర్చి మెట్ల మీదో మంగలి షాపు బల్ల మీదో కూర్చుని పేటకంతా దాన్ని విప్పిచెప్పే కౌన్సెలర్, నా దృష్టిలో పదిమంది మెంటర్ల పెట్టు. తన గుట్టు తనే బయటపెట్టుకున్నవాడన్నమాట. చేట ఎట్లా చెరుగుతుందో గింజలకే చెప్పేసినవాడు.

అట్లాంటివాళ్ళు ఉన్నారు. ఓక్లాండ్‌కి దక్షిణాన హేవార్డ్‌లో షాబో కాలేజీ ఉంది. 1981లో అక్కడ ఫెలిక్స్ గలావిస్ అనే కౌన్సెలరూ, పట్రీషియా మెక్‌గ్రా అనే ఇంగ్లీషు టీచరూ మెక్సికన్ మూలాల పిల్లల మార్కుల రికార్డులు ముందేసుకుని కూర్చున్నారు. పిల్లలు కౌన్సెలర్ గది ఛాయలకే రావడం లేదని, ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం వాళ్ళేనని తేలింది. పిల్లలు మొద్దులని ఫైలు మూసెయ్యలేదు. రాత నేర్పే క్లాసు, వెంటే ఉండే కౌన్సెలర్, పేటనుంచే ఎదిగి ఉద్యోగాల్లో ఉన్న పెద్దలు, మూడూ ఒక తాడుకి కట్టారు. పిల్లల పుస్తకాల్లోకి వాళ్ళ సొంత జాతి రచయితల్ని తెచ్చారు. పేరు ప్వెంటె, స్పానిష్‌లో వంతెన అని అర్థం. అది తర్వాత కాలిఫోర్నియా కాలేజీల్లో చాలాచోట్లకి, 1993నుంచి హైస్కూళ్ళకి కూడా పోయింది.

షికాగో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ దాన్నే పొగుడుతారు. 'బికమింగ్ ఏ మాన్' అని 2001లో మొదలైన కార్యక్రమం. వారానికోసారి బడి వేళలో కుర్రాళ్ళు చుట్టూ కూర్చుంటారు, కౌన్సెలర్ ఆట ఆడిస్తాడు. ఇద్దరిద్దర్ని జత చేసి, ఒకడి పిడికిట్లో బంతి పెట్టి, రెండోవాణ్ణి తీసుకోమంటాడు. పెనుగులాట, పీకులాట. అయ్యాక అడుగుతాడు, బంతి ఇయ్యవా అని ఒక్కడన్నా అడిగాడేంట్రా అని. కోపంలో ఒక్క క్షణం ఆగి ఆలోచించడం నేర్పుతారు. షికాగో విశ్వవిద్యాలయం పరీక్షించి 2017లో చెప్పింది, కార్యక్రమం నడిచిన కాలంలో హింసాత్మక నేరాల అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయని. గొప్ప సంగతే. ఆ కుర్రాళ్ళు ప్రాణాలతో మిగిలారు, అంతకంటే ఏం కావాలి? అయినా నా నోరు ఊరుకోదు. పిల్లాడికి పిడికిలి విప్పడం నేర్పారు సరే, లాఠీ పట్టినవాడి పిడికిలి విప్పడానికి ఏ కౌన్సెలర్‌ని పెట్టారు?

ఇక మనవాళ్ళ సంగతి. ఓక్లాండ్, హేవార్డ్, ఫ్రీమాంట్, మూడూ ఒకే జిల్లాలో ఊళ్ళు. ఫ్రీమాంట్‌లో మన తెలుగు ఇంజనీర్లు ఇళ్ళు కొనుక్కుని స్థిరపడ్డారు. అమెరికా లెక్కలో వాళ్ళూ రంగుజాతులే. వాళ్ళకి ఆ దేశం తలుపు తీసిన ఇమ్మిగ్రేషన్ చట్టం 1965లో వచ్చింది, నల్లవాళ్ళు కుక్కల చేత కరిపించుకుని, జైళ్ళకి పోయి సాధించిన పౌరహక్కుల వేడిలో. ఆ రుణం ఎంతమందికి గుర్తుంది? మా పిల్లలు కష్టపడి చదువుతారు, ఓక్లాండ్ పిల్లలకి చదువు మీద శ్రద్ధ లేదు అని మాట్లాడే నోరు ఎక్కడిదో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఊళ్ళో ఉన్నప్పుడు వాడని చూపించి అన్నమాటే, విమానం ఎక్కి పోయింది. ఆ హేవార్డ్-ఫ్రీమాంట్ ప్రాంతపు సెనేటర్ ఐషా వహాబ్ 2023లో కులవివక్ష మీద బిల్లు తెస్తే ఎవరు గగ్గోలు పెట్టారో, అక్టోబరులో గవర్నర్ వీటో చేస్తే ఎవరు పండగ చేసుకున్నారో లోకం చూసింది. అక్కడున్న మన అంబేడ్కరైట్ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఓక్లాండ్ బడి మీటింగుల్లో ఓ కుర్చీ లాక్కుని కూర్చోవాలి. మన పాంథర్లకి పేరిచ్చిన పేట అది.

ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. 2021లో లాస్ఏంజెలెస్ స్కూళ్ళ బోర్డు తన పోలీసుల బడ్జెట్లో రెండున్నర కోట్ల డాలర్లు కోసి, నల్లపిల్లల చదువు పథకంలో పెట్టింది. కౌన్సెలర్లని, సోషల్ వర్కర్లని తెచ్చారు, పేట సంఘాలకి పని అప్పజెప్పారు. 2023లో ఎక్కడో దేశానికి ఆ చివర వర్జీనియాలో ఉండే ఓ సంఘం, ఇది జాతి పేరుతో మిగతా పిల్లలకి చేసే వివక్ష అని ఫిర్యాదు పెట్టింది. 2024లో బోర్డు తగ్గింది, పిల్లల్ని ఎంచేటప్పుడు జాతిని చూడబోమంది. 2023లోనే సుప్రీంకోర్టు కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడం కొట్టేసింది. 2025 ఏప్రిల్‌లో కేంద్ర విద్యాశాఖ, బళ్ళలో కౌన్సెలర్లు, సైకాలజిస్టుల కోసం ఇస్తున్న సుమారు వంద కోట్ల డాలర్ల గ్రాంట్లు ఆపేస్తున్నామంది. రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. అందరూ సమానమే కాబట్టి ఎవరికీ ప్రత్యేకంగా ఏమీ వద్దు! ఈ వాదం ఇక్కడ మండల్ రోజుల్లో విన్నాం, అప్పుడు ఒంటికి నిప్పు పెట్టుకుని మరీ వినిపించారు. నాలుగేళ్ళ నల్లపిల్లాణ్ణి బడినుంచి గెంటేటప్పుడు జాతి కనబడుతుంది. వాడికి టీచరుని ఇయ్యమన్నప్పుడు మాత్రం ఎవరికీ ఏ రంగూ కనబడదు.

అందుకే ఓక్లాండ్ వాళ్ళు గ్రాంటుని నమ్ముకుని కూర్చోలేదు. ఢిల్లీ వాషింగ్టన్ ఎక్కడైనా, ఇచ్చినవాడు తీసుకుంటాడు. సంఘం ఉంటే తీసుకోవడం కష్టం.

మన హాస్టళ్ళలో కౌన్సెలరూ లేడు, ఆ కుర్చీ కూడా లేదు. కూలి మానుకుని వచ్చిన తల్లి నెలకో ఆదివారం గేటు దగ్గర టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడుతుంది. పిల్లాడు బయటికొస్తే చూసి, వాడు తిన్నాక డబ్బా కడుక్కుని వెళ్ళిపోతుంది. ఈసారి ఆదివారం ఆ తల్లులతో పాటు మన సంఘం వాళ్ళు ఇద్దరు పోండి. గేటు దాటి లోపలికి పోండి. ఈ ఏడాది ఎంతమంది పిల్లలు మధ్యలో టీసీ తీసుకుపోయారో రిజిస్టరు చూపించమని అడగండి. ఎందుకు పోయారో ఆ గడిలో ఏం రాశారో చూసి రండి. 'సొంత కారణాలు' అని ఉంటే, ఆ పిల్లాడి ఇంటికి పోండి.